కోరుట్ల అరుగు మీద రెండు సూర్యులు

సిరిసిల్లలో పుస్తకాలు చదివే యువతీయువకులు కొందరు నెలకోసారి ఒకచోట చేరుతున్నారు. మొన్న నన్ను పిలిచి, మీకు బాగా నచ్చిన ఊహా నవలలు, సైన్సు నవలలు చెప్పండి, మేమూ వెతుక్కుని చదువుతాం అన్నారు. వాళ్లలో ఒక అమ్మాయి మొహమాటపడుతూనే ఇంకో ప్రశ్న వేసింది. దయ్యాలు లేవు, మంత్రాలు లేవు అని ఊరూరా తిరిగి వాదించిన మీరు మాయలూ మాంత్రికులూ ఉన్న నవలలను ఎలా మెచ్చుకుంటారు అని. మంచి ప్రశ్న. కానీ పక్క సందులో మరమగ్గాలు ఆడుతున్నాయి, ఆ చప్పుడులో పొడవైన జవాబు చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను. ముందే ఒక మాట. నా అభిరుచిలో సాహిత్యం కొంతే, పగ ఎక్కువ. అది తెలిసి చదవండి.

పుస్తకాల పేర్లు అడిగితే చెప్పలేను. మా కోరుట్లలో అద్దె పుస్తకాలకు అట్టలుండేవి కావు. కొన్ని చేతులు మారి చిరిగిపోయేవి, అట్ట ఎర్రగా ఉంటే నక్సలైట్ల పుస్తకం అంటారని మేమే చింపేసేవాళ్లం. జీపు దిగిన పోలీసు అట్ట చూస్తాడు గాని లోపల ఏముందో చదవడు. అందుకే ఏ నవలనైనా దానిలోని సంగతితోనే పిలిచేవాళ్లం. చంద్రుడి మీద బావి తవ్విన నవల, నీడలు అద్దెకిచ్చే పట్నం నవల, రెండు సూర్యుల నవల. ఈ మూడూ వెతికి చదవండి. మొదటిదానిలో చంద్రుడి మీద కూలీలు పీల్చే గాలికి కూడా గుత్తేదారు కోత పెడతాడు. అది విని మా వాడకట్టు ఆడవాళ్లు, మన ఠేకేదారు గక్కడికి గూడ పోయిండా అని పడిపడి నవ్వారు. రెండోదానిలో పేదవాళ్లు తమ నీడలను ఎండ సోకని పెద్దమనుషులకు అప్పగించి నడివేసవిలో నీడ లేకుండా తిరుగుతారు. మూడోదాని కోసమే ఈ వ్యాసం.

విని నవ్వారు అన్నాను కదా, అది మా వాడకట్టు పద్ధతి. మాది బీడీలు చుట్టే వాడ. మధ్యాహ్నం వంట పని తీరగానే ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మా ఇంటి అరుగు మీదికి వచ్చేవాళ్లు. తునికాకు కత్తిరించడానికి, తంబాకు పోసి చుట్టడానికి చేతులు కావాలి, కళ్లు కొంత కావాలి, చెవులు మాత్రం ఖాళీ. కాబట్టి ఒకరు పుస్తకం చదవాలి, మిగతావాళ్లు వింటూ చుట్టాలి. చదివే మనిషికి పని నష్టం కాకుండా అందరూ తమ చాటలోంచి కొన్ని బీడీలు తీసి ఆమె చాటలో వేయాలి. మా అరుగు మీద చదివే మనిషిని నేను. జగిత్యాలలో డిగ్రీ చదివిన రోజుల్లో కూడా సెలవులకు రాగానే నా చాట నిండేది. పుస్తకాలు కూడా జగిత్యాల నుంచే తెచ్చేదాన్ని. అక్కడే ఒక హేతువాద సంఘంలో చర్చలకు వెళ్లేదాన్ని, వాదించడం అక్కడే నేర్చుకున్నాను.

నేను లేనప్పుడు అరుగు మీదికి ఇంకో మనిషి వచ్చేవాడు. మా వీధి మలుపులో అద్దె పుస్తకాల దుకాణం నడిపేవాడు. చేతబడి నవలలు ఆ రోజుల్లో తెగ నడిచాయి. అతను కొత్తది రాగానే రెండు అధ్యాయాలు ఉచితంగా చదివి వినిపించి, మిగతాది కావాలంటే అద్దె కట్టమనేవాడు. గొంతు బాగుండేది. ఆ నవలల్లో అసలు విషం కథలో లేదు. మొదటి పేజీలో ఉంది. ఇది నిజంగా జరిగింది, మీ పక్కింట్లో కూడా జరగవచ్చు అని అచ్చువేసేవాళ్లు. చంద్రుడి మీద బావి తవ్వే నవల ఏనాడూ ఆ మాట అనలేదు. నేను కల్పితాన్ని అని తలెత్తి చెప్పుకునే కథ ఎవరికీ హాని చేయదు. నిజం వేషం వేసుకున్న అబద్ధమే ఇంట్లోకి వస్తుంది. అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు సగం ఇదే.

మిగతా సగం మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే వరసకు. భర్త పోయిన మనిషి, ఒక్కతే ఉండేది, మా అరుగు మీద గోడవారగా కూర్చునేది. చేయి చాలా వేగం. నోరు ఇంకా వేగం. ఎదురింటి అత్తను ఏడిపించడం ఆమెకు రోజూ ఉండే సరదా. ఒక ఎండాకాలం ఎదురింటి అత్త కోడలికి ఫిట్స్ మొదలయ్యాయి. జగిత్యాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా ఇల్లంతా వెతికారు. పొయ్యి పక్కన ఒక బీడీ దొరికింది. చిరిగిన ఆకులో చుట్టి ఉంది, నల్లదారం కట్టి ఉంది, విప్పితే తంబాకు లేదు, బూడిద ఉంది. దుకాణంవాడు ఆ వారమే చదివి వినిపించిన నవలలో మంత్రగత్తె ఆకులో బూడిద కట్టి పొయ్యి పక్కన దాస్తుంది. అతనే వచ్చి చూసి, "పుస్తకంల ఉన్నట్టే ఉన్నది గదా," అన్నాడు. నల్లదారం వాడేది వాడలో చిన్నమ్మ ఒక్కతే, ఠేకేదారు ఆమెకిచ్చే పని వేరే కంపెనీది, ఆ కంపెనీ దారం నలుపు. అంతే. రుజువైపోయింది.

నేను జగిత్యాలలో పరీక్షలు రాస్తున్నాను. మగవాళ్లు చిన్నమ్మను బయటికి ఈడ్చి పట్టకారుతో ముందు పళ్లు పీకారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని వాళ్ల శాస్త్రం. ఆడవాళ్లు మా అరుగు మీద నిలబడి చూశారు. మా అమ్మ అడ్డం పోతే ఆమెనూ నెట్టేశారు.

ఆ బూడిద బీడీ ఏమిటో ఆ అరుగు మీద ప్రతి మనిషికీ తెలుసు. తెలిసి ఉండాలి. మా వాడలో ఆడపిల్లకు పని నేర్పేటప్పుడు తంబాకు పాడుచేయనివ్వరు. చిరిగిన ఆకు, పొయ్యిలోని బూడిద, ఎక్కడో దొరికిన దారపు ముక్క ఇచ్చి చుట్టమంటారు. నా మొదటి బీడీ అదే. ఎదురింటి అత్త మొదటి బీడీ అదే. ఆమె మనవరాలు అప్పుడప్పుడే పని నేర్చుకుంటోంది. చిన్నమ్మ దగ్గర దారం ముక్క ఏరుకుని తెచ్చుకుని, ఆ బీడీ చుట్టి పొయ్యి పక్కన పడేసింది. ఇరవై ముప్పై ఏళ్లు చేసిన పనిని, తమ వేళ్లకు తెలిసిన పనిని, ఆ ఆడవాళ్లు ఒక్క నవల విని మరిచిపోయారు.

పరీక్షలు రాసి వచ్చిన రోజు చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. అరుగు మీద తన చోట ఇంకెవరో కూర్చున్నారని మాత్రం చెప్పింది. అదే ఆమె బతుకు. బీడీలు మా అరుగు మీదే లెక్కకు తీసుకునేవాళ్లు. తమ బీడీల పక్కన ఆమెవి పెట్టనివ్వమని ఆడవాళ్లు పట్టుబట్టారు, ఠేకేదారు మనిషి ఆమె చుట్టినవి తీసుకోవడం మానేశాడు. పళ్లు ఎలాగూ తిరిగి రావు. ఆ చోటు తిరిగి రాకపోతే ఆమె కొడిమ్యాలలో తమ్ముడి గుమ్మం ముందు నిలబడాలి. అతని భార్య గుమ్మం మూసేస్తుందని అందరికీ తెలుసు.

స్టేషనుకు పోదామా అంటే, ఆ రోజుల్లో స్టేషన్ మెట్లు ఎక్కిన మనిషిని అడవిలోని అన్నలు అనుమానించేవాళ్లు. అన్నలకు చెబితే పోలీసులు వచ్చేవాళ్లు. వాడలో ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, ఊ అంటే చాలు, దుకాణంవాడి కాళ్లు విరగ్గొట్టిస్తానన్నాడు. వద్దన్నాను. దయతో కాదు. కాళ్లు విరిగితే జనం అతని మంచం చుట్టూ చేరి జాలిపడతారు. ఆ జాలి కూడా అతనికి దక్కకూడదనుకున్నాను. దుకాణానికే పోయి అడిగాను.

"పుస్తకంల ఉన్నది సదివిన. నేను రాసిన్నా గది?" అన్నాడు.

"నువ్వు సదివినవ్. సాలు," అన్నాను.

కోడలిని జగిత్యాల డాక్టరుకు చూపించాం, మాత్రలతో ఫిట్స్ ఆగాయి. మనవరాలిని అరుగు మీద కూర్చోబెట్టి అందరి ముందూ బూడిద బీడీ చుట్టించాను. మా సంఘంలో నేర్పిన ప్రకారం ఒక్కో మెట్టూ వాదించాను. ఎవరూ కాదనలేదు. తలలు వంచుకున్నారు. చిన్నమ్మను మాత్రం పిలవలేదు. రుజువు చూస్తే మనిషి మారతాడని మా సంఘం పెద్దలు చెప్పిన మాటను ఆరోజు నుంచీ నేను సగమే నమ్ముతాను. తప్పు తెలిసినకొద్దీ వాళ్లకు చిన్నమ్మ ముఖం చూడడం కష్టమైంది. ఆమె ఊరు విడిచి పోతేనే బాగుండునన్నట్టు ఉన్నారు.

అప్పుడు రెండు సూర్యుల నవల తీశాను.

ఒక దేశం. ఆకాశంలో ఇద్దరు సూర్యులు. ఒకడు అస్తమిస్తే ఇంకొకడు ఉదయిస్తాడు, రాత్రి అన్నదే లేదు. ఆ దేశంలో మబ్బులతో మాట్లాడే స్త్రీ ఒకతె ఉంటుంది. ఒక ఏడు వాన రాదు. ఊరంతా కలిసి ఆమె నాలుక కోసి గోడ బయట వదిలేస్తారు. నవల ఎక్కడా ఇది నిజమని అనదు. మా ఆడవాళ్లు బీడీలు చుడుతూ ఆ దేశంలోకి వెళ్లిపోయారు. ఎదురింటి అత్తకు అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది.

"వాన రాకుంటె ఆడిమనిషి మీద పడుడేంది? గా ఊరోళ్లకు సిగ్గు శరం లేదా?" అంది.

ఆ మాట కోసమే వారం రోజులుగా కాచుకుని ఉన్నాను. కరువు ముదిరి, ఊరివాళ్లు గోడ తలుపు తీసి ఆమె కోసం బయలుదేరే చోట పుస్తకం మూసేశాను.

"ఏ బిడ్డా, గట్ల మూసినవేంది?"

"మిగిలింది చిన్నమ్మ అచ్చి కూసుంటెనే సదువుత, అత్తా."

అందరూ మళ్లీ ఆకు కత్తిరించడంలో పడ్డారు. మర్నాడు నేను పుస్తకం తీయలేదు, నా చాట నేనే పట్టుకుని చుట్టాను. తర్వాత కూడా అంతే. ఒకామె దుకాణంవాడిని పిలుచుకొచ్చింది. అతను కొత్త చేతబడి నవల పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు పేజీలు కాకముందే ఎవరో, గదంతా వద్దు గాని రెండు సూర్యుల పుస్తకం ఉంటే తే అన్నారు. అతని దగ్గర లేదు. అతను చెప్పులేసుకుని దిగిపోతుంటే నేను తల ఎత్తలేదు గాని, ఆ నడక నాకు ఇప్పటికీ తీపి. అప్పటి నుంచి సెలవులు వచ్చినప్పుడల్లా రాయికల్ దాకా పోయి బీడీలు చుట్టే ప్రతి అరుగు మీదా మంచి నవలలు చదివాను. అతని దుకాణం మూతపడేదాకా చదివాను. జనం పుస్తకాలు మానలేదు, అతని పుస్తకాలు మానారు.

అదంతా తర్వాతి సంగతి. ఇక్కడ మాత్రం చివరికి ఎదురింటి అత్తే లేచి చిన్నమ్మ ఇంటికి పోయింది. ఏమన్నదో నాకు తెలియదు. ఇద్దరూ వచ్చారు. చిన్నమ్మ గోడవార చోటు ఖాళీ చేయించి కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుంది. నేను పుస్తకం తెరిచాను.

ఆ నవల చివరి అధ్యాయంలో ఊరివాళ్లు ఆమె కాళ్ల మీద పడతారు. ఆమె కన్నీళ్లతో క్షమిస్తుంది. మబ్బులు వస్తాయి. వాన పడుతుంది. భాష చాలా బాగుంటుంది. అరుగు మీద ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. వాళ్లకు ఎంత హాయిగా ఉందో ముఖాల్లోనే కనపడింది. నాకు ఒళ్లు మండింది.

చిన్నమ్మ నోటి మీది కొంగు తీసింది. అందరికీ చిగుళ్లు కనపడ్డాయి.

"వాన ఎందుకిచ్చింది?"

"గట్లనే రాసిండు, చిన్నమ్మా."

"రాసినోని పండ్లు ఎవ్వలు పీకలే. మల్ల సదువు."

మళ్లీ మొదటి నుంచి ఆ అధ్యాయం చదివాను. పేజీలో లేనిది చదివాను. మబ్బుల స్త్రీ గోడ దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ఆరోజు నువ్వెక్కడ ఉన్నావు, నీ చేతిలో ఏముంది, నువ్వు పట్టుకున్నావా, చూస్తూ నిలబడ్డావా అని అడిగింది. నాలుక లేని మనిషి ఎలా అడుగుతుందని ఎవరూ నన్ను అడగలేదు. వాళ్లు జవాబు చెప్పారు. చెప్పిన తర్వాత కూడా వాన ఇవ్వలేదు. ఇద్దరు సూర్యులూ ఒకేసారి నడినెత్తికి వచ్చారు.

ఎదురింటి అత్త, పాపం, చదువు రాని మనిషి, మెల్లగా అంది: "బిడ్డా, ఇంతకుముందు గట్ల లేకుండె."

"ఇప్పుడున్నది," అన్నాను.

"ఊరు ఎండిందా?" చిన్నమ్మ అడిగింది.

"ఎండింది."

"మంచిగైంది," అని ఆమె ఆకు తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. ఆరోజు సాయంత్రం ఆమె బీడీలు అందరి బీడీలతో పాటు లెక్కలోకి పోయాయి. తర్వాత కూడా, అరుగు మీద ఎవరైనా కాస్త ఎక్కువ నవ్వినప్పుడల్లా, చిన్నమ్మ ఆ అధ్యాయమే చదవమనేది. ఒకసారి ఆ ఊరి బావులు ఎండబెట్టాను, ఒకసారి చెట్లు, ఒకసారి పసిపిల్లల ఉయ్యాలల తాళ్లు. ఇది ఆపు అని ఎవరూ అనలేదు. అనే హక్కు తమకు లేదని వాళ్లకు తెలుసు.

సిరిసిల్ల మిత్రులారా, ఆ నవల దొరికితే చదవండి. వాన పడే చోటికి రాగానే ఆగండి. ఎవరికి వారు మనసులో కాదు, మీ గుంపులో అందరి ముందూ గట్టిగా చెప్పుకోండి, ఆ ఊరికి వాన ఇస్తారో ఇవ్వరో. ఇస్తామనే వాళ్లతో వాదించడానికి నేను బస్సెక్కి వస్తాను.