కూలీకి పేరుండదు

జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు మాకొక పని అప్పగించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన తెలుగు పత్రికల్లో ఏదైనా ఒక మామూలు మాటను ఎలా వాడారో చూసి రాయాలి. నేను 'కూలీ' తీసుకున్నాను. మా బాపు చేసేది అదే, సులువుగా అయిపోతుందనుకున్నాను.

నగరంలోని పాత గ్రంథాలయంలో రెండు నెలలు తుమ్ముతూ కూచున్నాను. జమీందారుకు జ్వరమొస్తే ఆయన బిరుదులన్నీ అచ్చయ్యేవి. బావిలో పడ్డా, రైలు కింద పడ్డా కూలీ మాత్రం 'ఒక కూలీ'. పేరుండదు, ఊరుండదు. ఒకచోట బండి బోల్తాపడితే ఎద్దుల యజమాని పేరు వేశారు, తోలుతూ చచ్చిపోయినవాడి పేరు వెయ్యలేదు. ఇది అన్యాయమని పదిహేను పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

తొంభైల చివర మేడ్చల్, శామీర్‌పేటలకు విలేకరినయ్యాను. వార్తలు తెల్లకాగితం మీద రాసి, కవరులో పెట్టి, సికింద్రాబాదు పోయే బస్సు డ్రైవరుకు ఇచ్చేవాణ్ణి. ఆయన బస్టాండులో ఉన్న మా పత్రిక పెట్టెలో వేసేవాడు. నాలుగు గంటల బస్సు తప్పితే వార్త చద్దిదైపోతుంది. ఆ తొందరలో నాకూ చెయ్యి అలాగే తిరిగింది. మూడు వాక్యాలు, ఒక కూలీ మృతి, అంతే. పేరు కనుక్కునేదాకా బస్సు ఆగదు కదా.

మా ఊరు రావల్కోల్. బాపుకు చదువు రాదు. నేను రాసినవి పొద్దున్నే నాచేత చదివించుకునేవాడు. ఒకసారి క్వారీలో పోయిన మనిషి వార్త విని అడిగాడు.

"గాయనకు పేరు లేదారా?"

"జాగ లేదు బాపూ."

"సర్పంచ్ దగ్గితే దొరుకుతది గద జాగ."

నా పదిహేను పేజీలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నాకు కోపమొచ్చింది. పేపరు మడిచి లేచిపోయాను.

ఆ ఎండాకాలమే శామీర్‌పేట దగ్గర ఎవరో బంగళా కడుతుంటే, పునాది గుంతలో మట్టి పెళ్లలు విరిగిపడి ఒకరు పోయారని తెలిసింది. స్కూటర్ మీద పోయాను. గుంత ఒడ్డున విడిచిన చెప్పులున్నాయి. ఎడమ చెప్పు తెగినచోట తీగ చుట్టి ఉంది. ఆ తీగ చుట్టింది నేనే. ఆ వారం బాపు ఎటు పనికి పోతున్నాడో నేను అడగలేదు.

ఏడుపు రాలేదు. పోలీసులు అడిగితే పేరు, వయసు, ఊరు చెప్పాను. శవాన్ని పోస్టుమార్టానికి తీసుకుపోతుంటే, కబురు తెలిసి వచ్చిన చిన్నాయన వెంట పోయాడు. "నువ్వు ఇంటికి పో, మీ అమ్మకు జెప్పాలె" అన్నాడు. నేను బస్సు స్టేజీ దగ్గర నిలబడ్డాను. నాలుగు కావస్తోంది. జేబులో కాగితముంది, పెన్నుంది. చెయ్యి రాసింది. డ్రైవరు కవరు తీసుకుంటూ, "ఏంది సారూ, ఇయ్యాల ఒక్కటేనా?" అన్నాడు. ఒక్కటే అన్నాను.

మర్నాడు పేపరొచ్చింది. డెస్కువాళ్లు ఒక్క అక్షరం కూడా మార్చలేదు. పునాది, మట్టి పెళ్లలు, ఒక కూలీ. పోలీసులకు చెప్పిన పేరు నా పేపరుకు నేను చెప్పలేదు.

అమ్మకూ చదువు రాదు. పేపరు నా ముందు పరిచి, "మీ బాపు పేరు ఏడున్నది బిడ్డా?" అని అడిగింది. నాకు తల తీసేసినట్టయింది. 'కూలీ' మీద వేలు పెట్టి, "గిదే అమ్మా" అన్నాను. ఆమె ఆ రెండక్షరాలనూ వేలితో దిద్దుతూ చాలాసేపు కూచుంది. తరువాత ఆ ముక్క కత్తిరించి బాపు ఫోటో వెనక పెట్టుకుంది.

ఆమె నేర్చుకున్న అక్షరాలు అవి రెండే. నాలుగైదేళ్ల తరువాత ఒకరోజు కిరాణా దుకాణం నుంచి చక్కెర పొట్లం కట్టి తెచ్చిన కాగితాన్ని సాపు చేసి నాకు చూపించింది.

"ఇగో, మీ బాపు పేరు మల్ల ఏసిన్రు."

చూశాను. ఎక్కడో ఎవరో పోయారు. అవునమ్మా అన్నాను.