జర అంటే జ్వరం కాదు

ఆఖరి మలుపు ఎక్కుతుండగా నేను కూలబడిపోయాను. వీపు మీద పద్దెనిమిది కిలోల సంచి, భుజాన రైఫిలు. పైన పోస్టు కనిపిస్తూనే ఉంది: ఇసుక బస్తాల గోడ, రేకుల కప్పు, జెండా. ఇంకో రెండు వందల అడుగులు. నా కాళ్లు మాత్రం రామన్నాయి.

"జర నీళ్లియ్యవే," అన్నాను, వెనకాల వస్తున్న పిల్లతో.

ఆ పిల్ల సంచి దింపింది. గ్లౌజు లాగేసి, వట్టి చెయ్యి నా నుదుటి మీద పెట్టింది.

"జొరమా? ఎప్పట్నుంచే? ముందే సెప్పలేదేటి?"

"జరం గాదే, జర! జర అంటే కొంచెం."

"కొంచెం జొరమా?"

ఆ చలిలో, ఆ ఎత్తులో, ఊపిరాడక చస్తూ ఇద్దరం పడీపడీ నవ్వాం. ముందు నడుస్తున్న హవల్దార్ సాబ్ వెనక్కి తిరిగి చూశారు. తెలుగు రాని ఆయనకు ఆ నవ్వు గురించి ఏం చెప్పగలం?

ఆమె పేరు ఢిల్లేశ్వరి. నాకు ఉత్త ఢిల్లీ. శ్రీకాకుళం వైపు, సముద్రం పక్క ఊరు. మాది హసన్‌పర్తి. ఇద్దరం పదో తరగతి పాసై, నాలుగేళ్ల నౌకరికి సైన్యంలో చేరినవాళ్లం. పోస్టింగ్ కాశ్మీర్‌లో ఒక కనుమ మీద. కిందున్న రోడ్డు మీద పై ఊళ్ల ఆడవాళ్లు నెత్తిన మూటలతో పోతుంటారు. వాళ్ల మూటలు, ఒళ్లు తనిఖీ చేయడానికి ఆడపిల్లలే కావాలి కదా. అందుకే మేమిద్దరం.

మా బంకరు నుంచి రోడ్డు మీది తనిఖీ గేటు దాకా నాలుగు వందల మీటర్లు. దారి పొడుగునా తాడు కట్టి ఉంటుంది. డ్యూటీకి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాలి. ఒకరోజు నేను, ఒకరోజు ఆమె. ఇంకొక మాట ముందే చెప్పేస్తాను. నేనున్నన్నాళ్లూ మా మీద ఒక్క తూటా పేలలేదు. అక్కడ మాకు శత్రువంటే చలే.

సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా జనరేటర్ నడిచేది. ఆ కాసేపట్లో ఢిల్లీ ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున సినిమా చూసేవాళ్లం. తెలుగులోకి మార్చిన ఏదో దేశం సినిమా. ఒకే వీధిలో పెరిగిన ఇద్దరు పోరగాళ్లు యుద్ధానికి పోతారు. తెల్లతోలు సిపాయిలు "ఒరేయ్ బావా" అని పిలుచుకుంటుంటే మాకు నవ్వాగేది కాదు.

"ఈల్లు మా టెక్కలి కుర్రోల్లలాగే ఉన్నారే," అనేది ఢిల్లీ.

రోజులు గడిచేకొద్దీ నవ్వు తగ్గింది. ఆ పోరగాళ్లకూ మాలాగే సాక్సులు తడిసేవి. మాలాగే ఉత్తరాల్లో అమ్మకు అబద్ధాలు రాసేవాళ్లు.

సినిమాలో ఇక ముప్పై ఎనిమిది నిమిషాలు మిగిలాయి. మర్నాడు పొద్దున డ్యూటీ నాది.

తెల్లారేసరికి మైనస్ పదహారు డిగ్రీలు. బయట గాలి రేకుల్ని పీకుతోంది. ఎనిమిది నలభైకి బూట్లు వేసుకోబోయి ఆగిపోయాను. ఎందుకో ఆ రోజు బయటికి పోబుద్ధి కాలేదు. భయమే అనుకోండి.

"నాకు జరమొచ్చింది," అన్నాను.

"జర వచ్చిందా, జొరమొచ్చిందా?" అంది ఢిల్లీ.

నేను నవ్వలేదు. అదే మాట హిందీలో చెబితే హవల్దార్ సాబ్ ఆమె వైపు చూశారు. "చూసి చెప్పు, బేటీ."

ఢిల్లీ అప్పటికే మంచు తోయడానికి బయటికి పోవాలని తయారై ఉంది. లోపల ఉన్ని గ్లౌజు, దాని మీద తోలు గ్లౌజు. ఆ చెయ్యి అలాగే తెచ్చి నా నుదుటి మీద పెట్టింది. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసింది.

"బహుత్ గరమ్ హై, సాబ్."

ఒంటరిగా నడవకూడదన్నది అక్కడి మొదటి రూలు. నాలుగు వందల మీటర్లే కదా అని ఆ రోజు నా బదులు ఢిల్లీని తోడు లేకుండానే పంపారు. వైర్‌లెస్ సెట్ దగ్గర కూర్చునే పని నాకిచ్చి, హవల్దార్ సాబ్ మిగతావాళ్లతో వెనక కప్పు మీది మంచు తోయడానికి పోయారు. ఢిల్లీ పోతూ ఫోన్ నా దిండు కింద పెట్టింది.

"ఆకరు ముక్క సూసేయకే! సాయంత్రం కలిసి సూద్దాం."

ఆమె బయల్దేరిందని తొమ్మిదింటికి రిజిస్టర్‌లో రాశాను. తొమ్మిది మూడుకి సినిమా పెట్టాను. సెట్ వినపడాలంటే ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి. రెండు చెవులకూ పెట్టుకున్నాను.

యుద్ధం ఆగిపోయిందని కబురొస్తుంది. ఒక పోరడు రెండు గ్లాసుల్లో టీ పోసుకుని వంతెన మీద దోస్తు కోసం కూర్చుంటాడు. టీ చల్లారిపోతుంది. దోస్తు రాడు. ఎవరు గెలిచారో సినిమా చెప్పదు. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తొమ్మిది నలభై ఒకటికి ఇయర్‌ఫోన్లు తీశాను. సెట్‌లో ఒక సన్నని గొంతు.

"జర… జర రావే… ఇనపడతందా… జర రావే…"

ఢిల్లీ ఎప్పుడూ జర అనేది కాదు. అది నా మాట.

రెండో మలుపులో జారి, కింది వాగులో పడింది. మంచు పెంకు పగిలి కుడికాలు రాళ్ల మధ్య ఇరుక్కుంది. బూటు నిండా నీళ్లు. ఆమె చేతిలోని సెట్ ఆ గుంటలోంచి మా బంకరుకు తప్ప ఎవరికీ అందదు. గేటు దగ్గరివాళ్లు ఆలస్యమవుతోందిలే అనుకున్నారట. నేను అరుచుకుంటూ పోతే అందరూ పరుగెత్తారు. పన్నెండు నిమిషాల్లో పైకి లాగాం. ఆమె తల నా ఒళ్లోనే ఉంది.

"పడేసరికి గడియారం సూసినాను. తొమ్మిదీ ఎనిమిది," అంది.

ముప్పై మూడు నిమిషాలు. హవల్దార్ సాబ్ నన్నడిగారు, "సెట్‌లో ముందు పిలుపు రాలేదా?"

"గరగర తప్ప ఏం రాలేదు సాబ్."

సెట్ పాడైందని కిందికి పంపారు. దాంట్లో ఏ లోపమూ లేదని పదిరోజులకు తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. దవాఖానాలో ఢిల్లీ కుడికాలివి మూడు వేళ్లు తీసేశారు. ఆమెను ఇంటికి పంపించేశారు. నేను నాలుగేళ్లూ పూర్తి చేశాను.

ఢిల్లీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, "ఆకరు ముక్క సూసేసినావేటి?" లేదంటాను. "నేనూ సూడలేదు. కలిసి సూద్దాం," అంటుంది.

కాజీపేటలో రైలు దిగేసరికి మా వాడకట్టు సగం స్టేషన్లో ఉంది. నాన్న శాలువా కప్పాడు. పక్కింటి పెద్దబాపు చెవిలో అడిగాడు, "ఎంతమందిని లేపేసినవ్ బిడ్డా?"

"ఒక్కల్ని గూడ లేదు పెద్దబాపు," అన్నాను. నేను సిగ్గుపడుతున్నాననుకుని వీపు తట్టాడు.

మొన్న ఆదివారం చిన్నమ్మ బిడ్డ మా టీవీలో ఏదో పెట్టింది. వంట గదిలోకి "ఒరేయ్ బావా" అని వినిపించింది. అదే సినిమా. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో అందరూ ముక్కులు ఎగబీలుస్తున్నారు.

"దోస్తంటే గట్లుండాలె," అంది అమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "మా బిడ్డ గూడ గంతే. మంచుల పడ్డ దోస్తును ఎత్తుకొచ్చింది."

"అక్కా, నీకు ఏడుపొస్తలేదా?" అంది చెల్లె.

రాలేదు. ఆ సినిమాకు నా ఏడుపు ఎప్పుడో అయిపోయింది. కళ్లు మూసినా తెరిచినా ఆ తోలు గ్లౌజే. నుదుటి మీద మొద్దుగా, మంచు కంటే చల్లగా. ఆ చేతికి ఏ వేడీ తెలిసి ఉండదు.

మర్నాడు పొద్దున ఆరింటికి డాబా మీదికి పోయి ఫోన్ చేశాను.

"ఏటే, ఇంత పొద్దున్నే?"

"ఢిల్లీ, జర మాట్లాడాలె."

"జొరమా?" నవ్వింది.

"ఆ రోజు నాకు జరం లేకుండె."

"ఓసి, తెలుసునే. నువ్వు బయపడినావు. నానూ బయపడినాను. అయితే ఏటి?"

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆమె మన్నించేసింది కూడా.

"గది గాదు. ఇంకోటున్నది," అన్నాను. "సెట్ మంచిగనే ఉండె. ఆఖరి ముక్క నేను ఆ రోజే చూసిన. రెండు చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చూసిన."