పెద్దబాపు అరచెయ్యి

పెద్దబాపు పోయాడన్న కబురు పోయిన బుధవారం పొద్దున వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్యే, మేం పెద్దమ్మ అని పిలిచేది. "మీ పెద్దబాపు లేడు బిడ్డా" అంది. ఏడవలేదు. వెనకాల దవాఖాన వరండాలో ఎవరో రోగుల పేర్లు పెట్టి పిలుస్తున్నారు. మోకాలి పైదాకా కాలు తీసేస్తే బతుకుతాడని డాక్టర్లు చెప్పి నాలుగు రోజులైంది. తీశారు. అప్పటికే విషం ఒళ్ళంతా పాకిందట. పదకొండింటికి నాకు ఆఫీసు మీటింగు ఉంది. సిగ్గులేకుండా దానికి కూర్చున్నాను కూడా, కెమెరా ఆపేసి. ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క గుర్తులేదు.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కోస్తా, ఆయనది చేవెళ్ళ అవతల ఒక పల్లె. మొయినాబాద్‌లో మా వంటింటికీ వాళ్ళ వంటింటికీ మధ్య ఒకటే గోడ. వీధిలో అందరూ పెద్దబాపు అంటుంటే నాకూ అదే నోటికి వచ్చేసింది. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో ఏళ్ళ తరబడి వంట చేశాడు. పొద్దున్నే పాత బండి మీద పోయేవాడు, అతిథులు ఎక్కువైన రోజు తప్ప చీకటి పడకముందే వచ్చేవాడు.

నేను ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేయడం మొదలుపెట్టాక, ఆ కూర్చున్న చోటికే మంచి కాఫీ రావాలన్న పిచ్చి పుట్టి, ఎస్ప్రెస్సో మెషీన్ కొన్నాను. మా ఆయన "ఫిల్టర్ కాఫీకి ఏం రోగం?" అన్నాడు. డికాషన్ సంగతి మెషీనే చూసుకుంది. పాల దగ్గర నా పరువు పోయింది. ఆవిరి గొట్టాన్ని పాలజగ్గులో ముంచి నురగ తెప్పించాలి. నాకు వస్తే అంట్లు తోమిన నురగ వచ్చేది, లేకపోతే వట్టి వేడిపాలు.

అసలు తప్పు ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. మా ఇంట్లో పొంగని పాలు పాలే కాదు. పచ్చిపాలు అనగానే మా అమ్మ మొహం చిట్లించేది. ఆ అలవాటుతో, వీధిలో పోయించుకున్న పచ్చి గేదెపాలను తిన్నగా జగ్గులో పోసి, అవి పొయ్యి మీద పొంగినట్టు పొంగే దాకా ఆవిరి పెట్టేదాన్ని. ఒకరోజు నిజంగానే పొంగి గట్టంతా పారాయి. గొట్టం చివర మీగడ అట్టకట్టి మూసుకుపోయింది. మాడు వాసన గోడ దాటినట్టుంది, పెద్దబాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పాలను సంపుతున్నవ్ బిడ్డా" అన్నాడు.

పెద్దమ్మ కొంగుకున్న పిన్నీసు అడిగి తెచ్చి గొట్టం కన్నం శుభ్రం చేశాడు. ఫామ్‌హౌస్ సార్ ఇంతకంటే పెద్ద మెషీన్ తెప్పించాడట. బిగించడానికి వచ్చినాయన అరగంట చూపించి పోయాడట. "గాయిన చెప్పింది ఇంగ్లీషుల. నాకు అందింది ఆవిరొక్కటే" అని నవ్వాడు. నెల రోజులు పాలు చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాడు. చెడిన పాలు పారబోయడానికి చెయ్యి రాక, చక్కెర వేసుకుని అన్నీ తానే తాగాడు. "గా నెలల దూడ గూడ నా అన్ని పాలు తాగలే" అనేవాడు.

అందుకే నాకు పాలతో నేర్పలేదు. జగ్గులో చల్లటి నీళ్ళు పోసి ఒక్క బొట్టు అంట్ల సబ్బు వేయించాడు. వారం రోజులు సబ్బునీళ్ళే. నేను విసుక్కుంటే "పాలు ఒకరి కష్టం బిడ్డా, సబ్బునీళ్ళు ఎవ్వరియి గావు" అన్నాడు. తర్వాత పాలు ఎలా సిద్ధం చేయాలో చూపించాడు. ముందు పొయ్యి మీద కాచాలి, చల్లార్చాలి, మీగడ లేకుండా పల్చటి బట్టలో వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. బాగా చల్లబడ్డాకే మెషీన్ దగ్గరికి తేవాలి. "పొంగిచ్చుడు పొయ్యి పని. మెషిన్ కాడ పొంగితే పాలు సచ్చినట్టే."

గొట్టం కొన పాలలో ఎంత మునగాలో ఆయన కళ్ళతో చూసేవాడు కాదు. తల పక్కకు వంచి వినేవాడు. "కొత్త బట్ట చింపినట్టు రావాలె సప్పుడు. కీసుమన్నదంటే లోపలికి పోయినట్టు, బుడబుడమన్నదంటే మీదికొచ్చినట్టు." కాసిని నురగ రాగానే కొన కొంచెం కిందికి దించి, జగ్గు వంచి, పాలు సుడి తిరిగేలా చేసేవాడు. ఇంకో చెయ్యి ఎప్పుడూ జగ్గు కిందే ఉండేది, అరచెయ్యి మొత్తం ఆనించి. "ఇగ పట్టలేను అని చెయ్యి అన్నంక మూడు లెక్కవెట్టు. బంద్ జెయ్యి. ఏ మీటర్ వద్దు, చెయ్యే చెప్తది." బంద్ చేసిన మరుక్షణం తడిబట్టతో గొట్టం తుడవాలి. అది మరిచిపోతే మాత్రం నిజంగానే కోప్పడేవాడు.

నాకు సరిగ్గా రావడానికి రెండు నెలలు పట్టింది. వచ్చిన రోజు పాలు పెయింటులా మెరుస్తూ, బుడగ అన్నది లేకుండా కప్పులోకి జారాయి. ఆయన ఒక గుక్క తాగి "నడుస్తది" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు. ఉద్యోగంలో నన్ను పొగిడినవాళ్ళు ఉన్నారు, ఏ పొగడ్తా ఆ మాటంత గర్వం ఇవ్వలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున పనికి పోయే ముందు మా వంటింట్లో కాఫీ తాగేవాడు, రెండు చెంచాల చక్కెరతో. "షుగర్ ఉంది కదా పెద్దబాపూ" అంటే "ఉన్నది. దాన్ని గూడ జర తాగనీ" అనేవాడు. నేనూ నవ్వి వేసేదాన్ని.

ఏడాది కిందట ఒక ఆదివారం ఆయనే కాఫీ చేస్తానన్నాడు. నేను సింకు దగ్గర ఉన్నాను. చప్పుడు మారింది, గరగరమంటోంది. పాలు చేయి దాటిపోతున్నాయని నాకే తెలుస్తోంది. తిరిగి చూస్తే పెద్దబాపు జగ్గు కింద అరచెయ్యి ఆనించి ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. పాలు అంచుదాకా లేచాయి. నేను పరుగెత్తి మెషీన్ ఆపేశాను. ఆయన చెయ్యి ఎర్రగా కమిలిపోయింది. ఆయన దాన్ని వేరేవాళ్ళ చేతిని చూసినట్టు చూశాడు.

"తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు. "ముందుగాల కాళ్ళల్ల షురూ అయింది. దూది మీద నడిచినట్టుంటది. ఇప్పుడు చేతులకొచ్చింది."

డాక్టరుకు చూపిద్దాం అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆయన చేయి అడ్డం ఊపాడు. "పెద్దమ్మకు చెప్పకు. సార్‌కు అసలే తెల్వద్దు. చెయ్యి పోయిన వంటోన్ని ఎవ్వడు వెట్టుకుంటడు?"

చెప్పనని మాటిచ్చాను. ఇచ్చి ఊరుకోలేదు, తెలివి చూపించాను. జగ్గు అంచుకు తగిలించే చిన్న థర్మామీటర్ తెప్పించి ఇచ్చాను, అరవై డిగ్రీల దగ్గర గోళ్ళరంగుతో ఎర్రగీత గీసి. ముల్లు గీత దగ్గరికి వస్తే ఆపెయ్యమన్నాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని "బతికిచ్చినవ్ బిడ్డా" అన్నాడు. మా ఆఫీసులో అయితే ఇలాంటిదాన్ని వర్కరౌండ్ అంటాం. అసలు లోపం ముట్టుకోకుండా పని నడిపించడం. ఆయన ఉద్యోగం నిలబడింది. నేను లోలోపల మురిసిపోయాను. కాళ్ళ మాట విన్నాను, వదిలేశాను. కాఫీ చేసేది చేతులే కదా.

పోయిన నెల ఫామ్‌హౌస్‌లో ఏదో పెద్ద విందు. వంటవాళ్ళంతా బూట్లు వేసుకోవాలన్నారట. ఆయన బూటులో కంకరరాయి ఒకటి పడింది. దాని మీదే రోజంతా నిలబడ్డాడు, మర్నాడూ అదే బూటు వేసుకున్నాడు. సాయంత్రం పెద్దమ్మ మేజోడు లాగితే రక్తంతో అతుక్కుని ఉందట. పసుపు పెట్టి కట్టు కట్టింది. ఆ ఆదివారం కూడా కాఫీకి వచ్చాడు. కట్టు చూసి ఏమైందన్నాను.

"రాయి తగిలింది."

"నొప్పిగా ఉందా?"

"అస్సల్ లేదు. ఫికర్ జేయకు."

నొప్పి లేదంటే సంతోషించాను. ఆ చెయ్యి కమిలిపోవడం కళ్ళారా చూసినదాన్ని, ఈ లోకంలో ఆ జవాబుకు భయపడాల్సిన మనిషిని నేనొక్కదాన్నే. పాలలో బుడగలు ఉన్నాయేమో చూసుకుంటూ ఆయనకు కప్పు అందించాను. ఆ తర్వాత పదిరోజులకు కాలివేళ్ళు నల్లబడ్డాయి. అక్కడి నుంచి అంతా వేగంగా జరిగిపోయింది.

నిన్న వాళ్ళ ఊరికి వెళ్ళాను. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయాక పెద్దమ్మ నన్ను అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత అడిగింది.

"కాళ్ళకు సోయి లేదని డాక్టరు అన్నడు. ఎన్నడో పోయిందట. నాకొక్కనాడు చెప్పలే. నీకేమన్న చెప్పిండా బిడ్డా?"

దారంతా ఈ ప్రశ్నకే భయపడుతూ వచ్చాను. అబద్ధం సిద్ధంగానే ఉంది. "చెప్పాడు పెద్దమ్మా. ఏడాది కింద. నీకు చెప్పొద్దన్నాడు, నేను చెప్పలేదు" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు తన కాళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. "గట్లనే ఉంటదేమో అనుకున్న. మాకు వయసు మీద పడ్డదేమో అనుకున్న" అంది.

మాకు అంది. వాళ్ళింట్లో మందుల సంచీలో ఉండే షుగర్ బిళ్ళలు ఆయన ఒక్కడివే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. "నీకూ ఉందా?" అన్నాను. "ఇద్దరం గవే మింగుతుంటిమి గద" అంది.

నేను అరుగు దిగి నేల మీద కూర్చుని ఆమె కుడికాలు ఒళ్ళోకి తీసుకున్నాను. వద్దు వద్దంటూనే ఊరుకుంది. "కళ్ళు మూసుకో పెద్దమ్మా, నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పు" అన్నాను. మడమ మీద వేలు పెట్టాను. ఆ, అంది. పాదం మధ్యలో నొక్కాను. కాసేపాగి ఆ, అంది. బొటనవేలు పట్టుకున్నాను. గోరు దిగేదాకా నొక్కాను.

కళ్ళు మూసుకునే అడిగింది, "వేలు ఎప్పుడు పెడ్తవ్ బిడ్డా?"