డమ్మీ తలుపు వెనకాల

దయ్యాల సినిమాలకి తలుపులు చేసినవాణ్ణి నేను. గాలి లేకుండా తలుపు దానంతటదే తెరుచుకోవాలంటే నైలాన్ దారం కట్టి పక్కనుంచి లాగేది ఎవరనుకున్నారు? నేనే. థియేటర్లో జనం కెవ్వుమన్న చోట నాకు నవ్వొచ్చేది. అలాంటివాడికి దయ్యాల మీద నమ్మకం ఎక్కడుంటుంది చెప్పండి. ఇప్పటికీ ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే సగం వినకుండానే లేచిపోతాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను, ఇక నావల్ల కావడం లేదు.

మాది పాలకొల్లు దగ్గర. సినిమా సెట్టింగుల్లో కార్పెంటరు పనికొచ్చి కృష్ణానగర్లో గది తీసుకున్నాను. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. కంప్యూటర్ ఆఫీసుల్లో చెక్కపనికి కూలి ఎక్కువని మావాళ్లు చాలామంది అటు పోయారు. నేనూ సాయిలూ మాత్రం సెట్లు వదల్లేదు. సాయిలుది మెదక్ వైపు. రహమత్ నగర్ కింద నాలా ఒడ్డున, అంటే పెద్ద మురుగుకాలువ గట్టున, ఇల్లు వేసుకున్నాడు. అతనూ, అతని భార్య బాలమణీ నన్ను అన్నా అనే పిలిచేవాళ్లు. వాళ్లకి పిల్లల్లేరు. పండగొస్తే నా భోజనం వాళ్లింట్లోనే.

ఆ ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం మొదలైన వాన మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగలేదు. పైన జూబ్లీహిల్స్ గుట్టల మీద పడిన నీళ్లన్నీ కిందికే కదా రావాలి. నాలా ఒడ్డున ఇళ్లు ఇళ్లే కొట్టుకుపోయాయి. సాయిలు బాలమణిని నడుం లోతు నీళ్లలో గట్టుకి చేర్చాడు. రేషన్ కార్డు లోపలే ఉండిపోయిందని ఆవిడంటే, తెస్తానని వెనక్కెళ్లాడు. అంతే. మనిషీ రాలేదు, శవమూ దొరకలేదు.

వాన వెలిశాక సిటీ తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. యూసుఫ్‌గూడ గోడల మీద నీళ్లు ఎంతదాకా వచ్చాయో గీత అలాగే ఉండిపోయింది. దండేల మీద బట్టల పక్కనే పిల్లల మార్కుల మెమోలు క్లిప్పులు పెట్టి ఆరేసుకున్నారు. పొద్దున ఒక పార్టీ వాళ్లు బ్రెడ్డు పంచి ఫొటో దిగితే, సాయంత్రం ఇంకో పార్టీ వాళ్లు అరటిపళ్లు పంచి ఫొటో దిగేవాళ్లు. అయినా ఆ బ్రెడ్డూ ఆ పళ్లే తిని బతికారు జనం, కాదనను.

ఫిల్మ్‌నగర్లో ఒక స్టూడియో మేనేజరు దయగల మనిషి. షూటింగ్ ఆగిపోయిన ఫ్లోరులో ఇరవై కుటుంబాలకి చోటిచ్చాడు. అందులో ఉన్నది మేమే వేసిన జమీందారు బంగళా సెట్టు. ఖరీదైన సోఫాల్లో ముసలమ్మలు పడుకున్నారు. మెట్ల కటకటాలకి చీరలు ఆరేశారు. ఆ మెట్లు పైకెక్కితే అవతల ఏమీ ఉండదు, అందుకని పిల్లలు ఎక్కకుండా అడ్డంగా బల్ల కట్టాను.

మెట్లకి కాస్త దూరంలో ఒక పెద్ద తలుపుంది. అది డమ్మీ. నగిషీ అంతా పైపైనే. బందులు లేవు, తెరుచుకోదు, వెనకనుంచి రీపర్లు, అదే సన్న చెక్కబద్దలు, అడ్డంగా పెట్టి మేకులు కొట్టేశాం. దాని వెనక మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టి దూరేంత సందు, ఆపైన స్టూడియో ఇటుక గోడ. ఆ తలుపు నగిషీ సాయిలు చేసిన చివరి పని. బాలమణి వెతుక్కుని మరీ దాని ముందే చాప వేసుకుంది. ఇల్లు కొట్టుకుపోయింది, మరి ఆయనొస్తే ఎక్కడికొస్తాడు, పనిచేసిన చోటికే కదా, అని ఆవిడ లెక్క. కాదని ఎవరనగలరు?

బస్తీ లీడరు నర్సింగ్. ఓట్ల కోసం తిరిగేవాడే, కానీ ఆ నెలరోజులూ మనిషి చెప్పులరిగేలా తిరిగాడు. నాలా ఒడ్డున మళ్లీ ఇళ్లు వేయనివ్వరు, ఊరవతల జాగాలిస్తారని తెలిసి, తన బస్తీ వాళ్ల పేర్లన్నీ లిస్టులో ఎక్కించాడు. రేషన్ కార్డు లేని బాలమణికి తనే పూచీ ఉంటానని ఆఫీసులో సంతకం పెట్టాడు. అవతలి పార్టీ వాళ్లు మాత్రం కదలొద్దు, కదిలితే మళ్లీ సిటీలోకి రానివ్వరు, ఇక్కడే కూర్చుని కొట్లాడదాం అన్నారు. వాళ్లు చెప్పినదాంట్లోనూ నిజం లేకపోలేదు. రెండు బస్సులు మారితే గాని పనికి రాలేనంత దూరం ఆ జాగా.

ఆఖరికి అందరూ వెళ్లడానికే ఒప్పుకున్నారు. ఫలానా రోజు సాయంత్రం ఆఫీసరు ఆ జాగా దగ్గరే నిలబడి పేర్లు పిలుస్తాడు, పలికినవాళ్లకి పట్టా కాగితం, పలకనివాళ్ల జాగా ఇంకో బస్తీ వాళ్లకి. రెండోసారి పిలవడం లేదు. ఇక్కడ చూస్తే ఫ్లోరు ఖాళీ చేయాలి, సెట్టు విప్పేస్తారు. ఆ జాగా కూడా పోతే బాలమణి నడిరోడ్డు మీద పడ్డట్టే.

ఆ రోజు పొద్దున పదింటికల్లా ఒక్కటి తప్ప వ్యాన్లన్నీ వెళ్లిపోయాయి. ఆఖరి వ్యాను గేటు దగ్గర ఆగుంది. బాలమణి తలుపుకేసి చూస్తూ కింది మెట్టు మీద కూర్చుంది, లేవదు. నర్సింగ్ బతిమాలాడు, బామాలాడు, తిట్టాడు కూడా. ఆవిడ ఏడవలేదు. "నేనే పంపిన నర్సింగన్నా. నేనే పంపి, ఇప్పుడు నేనే ఇడిచిపెట్టి ఎట్ల పోదు?" అంది.  

ఇక్కడ నేను చేసిన వెధవపని చెప్పాలి. ఆలోచన నాదే, నర్సింగ్‌ది కాదు. ఏ తలుపు పని పూర్తయినా సాయిలుకో అలవాటుండేది. వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, ఆ తర్వాత అరచేత్తో ఒక్కసారి చరిచేవాడు. బాలమణి ఎన్నిసార్లు విందో. నర్సింగ్‌ని పక్కకి పిలిచి, నేను బయటనుంచి చుట్టూ తిరిగి తలుపు వెనక్కెళ్లి అలాగే కొడతాను, నువ్వు ఆవిడ పక్కనే ఉండి, సాయిలు పొమ్మంటున్నాడని చెప్పు అన్నాను. సినిమావాళ్ల బుద్ధి మరి, అంతకంటే ఏం తడుతుంది. తప్పు గదన్నా అని నర్సింగ్ నసిగాడు. ఆ మాటంటూనే గేటు వైపు చూశాడు. వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. చివరికి సరే అన్నాడు.

నేను బయటికెళ్లి, గోడవారగా తిరిగి, సెట్టు వెనకనుంచి ఆ సందులో దూరాను. వీపుకి ఇటుక గోడ, ఛాతీకి ప్లైవుడ్. పైనుంచి వెలుతురు బాగానే పడుతోంది. అవతలి కొస థర్మోకోల్ ముక్కలతో కిక్కిరిసి ఉంది, అటునుంచి పిల్లి కూడా రాలేదు. నేను కొట్టిన రీపర్లే గుర్తుపట్టి తలుపు ఎక్కడుందో చూసుకున్నాను. ఎడమ అరచెయ్యి ప్లై మీద ఆనించాను. కుడిచెయ్యి ఎత్తాను.

నేను కొట్టలేదు. ఒట్టేసి చెబుతున్నాను, నేను కొట్టలేదు.

రెండుసార్లు కణుపులతో, ఒకసారి అరచేత్తో. నా ఎడమచేతి కింద ప్లై అదిరింది. చప్పుడు అవతలినుంచి కాదు, నేనున్న వైపునుంచే, నా చేతికి జానెడు దూరంలో. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. ఉండడానికి చోటు కూడా లేదు.  ఎత్తిన చెయ్యి దించాలని కూడా తోచలేదు.

అప్పుడు అవతల బాలమణి గొంతు వినిపించింది. ఎవరో ఎదురుగా కూర్చుంటే మాట్లాడినట్టు, మామూలుగా. "తిన్న. పొద్దుగాల ఉప్మా వెట్టిండ్రు" అంది. కాసేపు ఆగి, "మరి నువ్వో?" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాకు నా ఊపిరే వినిపిస్తోంది. చివరికి, "గట్లనే తియ్" అంది. అవతలి మాట ఒక్కటి కూడా నాకు వినపడలేదు.

నేను బయటపడి ముందువైపు వచ్చేసరికి బాలమణి మూట కట్టుకుని వ్యాను వైపు నడుస్తోంది. నర్సింగ్ నా చెయ్యి పట్టేసుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. అచ్చం సాయిలు లెక్కనే కొట్టినవన్నా, నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని వడలే అన్నాడు. ఆవిడ మెట్టు మీదనుంచి కదిలిందా అని అడిగాను. లేదు, నా పక్కనే కూసున్నది, తలుపు దిక్కు చూసుకుంట మాట్లాడింది, పాపం దుఃఖంతోని అన్నాడు. నేను వెళ్లి వ్యాను ఎక్కాను.

సాయంత్రం ఆఫీసరు సాయిలు భార్య బాలమణి అని పిలిచాడు. ఆవిడ గట్టిగా పలికింది. కాగితం తీసుకుని కళ్లకద్దుకుంది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

వారం తర్వాత సెట్టు విప్పింది నేనే. ఆ తలుపుకి కొట్టిన మేకులు కొట్టినట్టే ఉన్నాయి. తడిసి ఆరిన ప్లై ఒక్కోసారి టపటపమంటుంది, నాకు తెలియని సంగతి కాదు. కానీ లెక్కపెట్టి రెండూ ఒకటీ కొట్టదు. ఎలుకలనుకున్నాను, రోడ్డు మీద లారీ అనుకున్నాను. నాలుగు రాత్రుళ్లు నిద్రపోకుండా ఆలోచిస్తే, నాకే తెలియకుండా నేనే కొట్టానేమోనని కూడా అనిపించింది. ఆ తర్వాత ఇది జరక్కపోతే ఏదో ఒకటని సర్దుకుపోయేవాణ్ణే.

ఏడాది తిరిగాక బాలమణి ఆ జాగాలో ఒక గది వేసుకుంది. అక్కడి బడిలో పిల్లలకి వండిపెట్టే పని దొరికింది. గదికి తలుపు బిగించడానికి నన్ను పిలిచింది. పనయ్యాక ఇద్దరం గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాం. ఇన్నాళ్లూ ఆవిణ్ణి మోసం చేయబోయానన్న సిగ్గు నన్ను తినేస్తోంది. చెప్పేద్దామని, ఆ రోజు తలుపు వెనకాల, అని మొదలుపెట్టాను.

"ఎరికే అన్నా," అంది ఆవిడ. "ఆయన అప్పుడే చెప్పిండు. అన్న నా పక్కనే చెయ్యెత్తి నిలబడ్డడు, నీ మంచి కోసమే వచ్చిండు, బాగ భయపడ్డడు, ఏమనకు అన్నడు."

నేను ఆ సందులోకి దూరడం ఆవిడ చూసే వీల్లేదు. ఒకవేళ నర్సింగే తర్వాత చెప్పాడనుకున్నా, చెయ్యి ఎత్తి కొట్టకుండా నిలబడిపోయానన్న సంగతి నర్సింగ్‌కి తెలియదు. కొట్టింది నేనేనని వాడు ఇప్పటికీ పదిమందికి చెప్పుకుంటాడు. నేను కాదని ఎవరితోనూ అనలేదు, ఇదిగో, ఇవాళ మీతోనే అంటున్నాను.