చెరిపేసిన కారణం

రాజరాజేశ్వరి కీబోర్డు ముట్టుకునే ముందు చెమట పట్టిన అరచేతులు చున్నీకి తుడుచుకుంటుంది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసులో ఆమె పని, వెబ్‌పేజీలో జనం ఏ బటన్ నొక్కారో, ఏ గడిలో ఏం రాశారో పట్టి దాచే ప్రోగ్రాం రాయడం. రాసి చెరిపేసింది కూడా అందులో చిక్కుతుందని మేనేజరుకు గొప్పగా చూపించింది ఆమే. ఆయన దాన్ని ఆఫీసువాళ్లు కంప్యూటర్లో నింపే సెలవు ఫారానికీ పెట్టించాడు. పక్క సీటు మల్లేశం కారణం గడిలో మొదట ‘టీబీ మందులు’ అని రాసి, చెరిపేసి, ‘చెల్లె పెళ్లి’ అని పంపాడు. మర్నాడే ఉద్యోగం పోయింది.

“చెరిపేసిన గదక్కా. సారుకెట్ల తెలిసింది?” అన్నాడు సంచి సర్దుకుంటూ, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని.

“ఏమో మల్లేశం, నాకేం తెలుసు?”

అతను మెట్లు దిగేదాకా ఆగి, అరచేతులు చున్నీకి తుడుచుకుని, మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది.