రేకు మీద సొరగింజ, సీసాలో పాలపన్ను

“పళ్ళ డాక్టరమ్మ పోయారు” అని లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు. పోయిన మాట నిజమే. పళ్ళ డాక్టరమ్మ అన్నది మాత్రం సరికాదు. మన అపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్ళున్న మనిషి, మీలో ఎవరి నోట్లోకీ తొంగి చూసిన పాపాన పోలేదు. పంటినొప్పని తలుపు కొడితే అమీర్‌పేటలో ఏదో క్లినిక్ పేరు చీటీ మీద రాసిచ్చి పంపేసేది. ఆవిడ డెంటల్ కాలేజీలో పరిశోధన విభాగం ప్రొఫెసరు. నోట్లో ఉన్న పళ్ళతో ఆవిడకు పనిలేదు. ఊడిన పళ్ళతోనే పని.

మొన్న మంగళవారం పొద్దున పంజాగుట్టలో బస్సు కోసం నిలబడి, అక్కడే కూలబడిందట. ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. సరేనమ్మా అని పెట్టేసి, వెళ్ళి స్టవ్ కట్టేశాను. అసలు వెలిగించనే లేదని తర్వాత చూశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమని మీరు అడిగితే, చెయ్యడానికి వేరే పనేమీ తోచక ఒప్పుకున్నాను.

ఆవిడ పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. పళ్ళ ప్రొఫెసరు పళ్ళు తోముకోదా అని మీలో ఒకరు మెట్ల మీద అన్నారు. పేరు రాయను, ఆయనకి తెలుసు. ఆవిడకు వినబడింది. ఆగి, ఆ పళ్ళన్నీ కనబడేలా నవ్వి, “మా ఊరి బోరు నీళ్ళు సార్. ఎంత తోమినా పోవు” అంది.

నల్లగొండ అవతల పల్లె వాళ్ళది. నీళ్ళలో ఫ్లోరైడు. అలాంటి ఊళ్ళలో పిల్లల పన్ను పుచ్చితే, అందులో పెట్టిన సిమెంటు ఏడాది తిరక్కుండా ఊడి చేతికొస్తుంది. ఆ పంటికి పట్టు ఉండదు. ఊడని సిమెంటు కనిపెట్టాలి, ఆవిడకున్న పని అదొక్కటే. దానికి ఆ ఊళ్ళ పళ్ళు ఉంటే సరిపోదట. పక్కన పెట్టి పోల్చడానికి మామూలు నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళూ కావాలి. అంటే మనవి.

మొదట నా దవడ పన్ను అడిగింది. ఎలాగూ పీకించుకుంటున్నాను. పారేసే పంటికి కూడా కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఎందుకని నేనడిగితే, అడగకుండా తీసుకునేదాన్ని పరిశోధన అనరంది. ఇస్తే ఇచ్చాను గాని ఏం చేస్తారో చూస్తానన్నాను. తీసుకెళ్ళింది.

డెంటల్ కాలేజీ అంటే వరండాలో దవడలు పట్టుకుని కూర్చున్న జనమే అనుకునేదాన్ని. పైఅంతస్తు వేరు. అక్కడ మిషన్లకు ఏసీ, మనుషులకు ఫ్యాను. పన్నును కాగితమంత పలుచగా కోసే రంపం, దాని మీద సన్నగా కారే నీళ్ళు. ఇంకో మిషన్, పంటికి అతికించిన సిమెంటును ఊడేదాకా లాగుతుంది, ఎంత బలానికి ఊడిందో తెర మీద గీత గీస్తుంది. నా పన్ను పెట్టారు. గీత పైకి పోతూనే ఉంది. “మీ నోట్లకెళ్ళి వచ్చిన పన్నాయె. గంత జల్ది లొంగుతదా అమ్మా” అంది ఆవిడ. అందరూ నవ్వారు. నన్ను అనడానికి మీకెవరికీ అంత ధైర్యం లేదు.

తర్వాత మా మనవరాలి పాలపన్ను ఊడింది. మా వైపు దాన్ని పేడలో చుట్టి ఇంటి మీదికి విసురుతాం, ఎలక దాన్ని పట్టుకెళ్ళి మంచి కొత్త పన్ను ఇస్తుందని. ఇక్కడ పేడా లేదు, పెంకూ లేదు. గోధుమపిండిలో చుట్టి వాచ్‌మన్ గది రేకు మీదికి విసిరించాను. సాయంత్రానికి ప్రొఫెసరుగారు స్టూలెక్కి రేకు మీద వెతుకుతోంది. దొరికింది గాని ఎండకి బీటలిచ్చింది. “ఎండిన పన్ను అబద్ధం చెప్తదమ్మా. తడిగున్నప్పుడే నిజం చెప్తది” అని దిగింది.

ఇకమీద విసరొద్దంది. విసరకపోతే పిల్ల ఊరుకోదు, నేనూ ఊరుకోనన్నాను. కాఫీలు చల్లారిపోయేంత వాదన జరిగాక తీర్పు నేనే చెప్పాను: పన్ను ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టుకునే నీళ్ళ సీసాలోకి, దాని బదులు సొరగింజ రేకు మీదికి. తెల్లగానే ఉంటుంది, ఎలకకేం తెలుస్తుంది. ఆవిడ కాసేపు ఆలోచించి, సైన్స్ ప్రకారం అభ్యంతరం లేదంది. అప్పట్నించి మన పిల్లలంతా అదే పద్ధతి. కింద హాస్టల్లో జావా నేర్చుకునే కుర్రాళ్ళు కూడా పీకించుకున్న జ్ఞానదంతాలు తెచ్చిచ్చారు. అవి పోయినవాళ్ళకే ముందు ఉద్యోగాలొస్తున్నాయని నేనంటే, పీకించుకోనివాళ్ళతో పోల్చకుండా అట్లా చెప్పొద్దంది.

ఈ వానలకి రేకు మీది దుమ్ములో ఆ గింజలు మొలిచాయి. పోయిన ఆదివారం ఇద్దరం కింద నిలబడి చూశాం. “మీ ప్రయోగమే ముందు మొలిచింది. నాదింకా కాలే” అంది. నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అదే.

నిన్న చుట్టాలు వచ్చి ఇల్లు ఖాళీ చేశారు. ఫ్రిజ్ తలుపులో ఉన్న సీసాని ఒకాయన సింకులో వంచబోతుంటే లాక్కున్నాను. ఆవిడ దగ్గర పరిశోధన చేసే ఆ అమ్మాయి చెప్పింది: మామూలు పళ్ళు ఇంకా తక్కువే ఉన్నాయట. అవి వస్తే పని తను పూర్తిచేస్తుంది, కాలేజీవాళ్ళు సరేనన్నారు. రాకపోతే అక్కడికి ఆగిపోతుంది. ఆ ఊళ్ళ పిల్లల పళ్ళల్లోంచి సిమెంటు ఊడుతూనే ఉంటుంది.

కాబట్టి వినండి. సీసా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో, పచ్చిమిరపకాయల పక్కన ఉంది. పన్ను ఊడిన రోజే తేవాలి, తడిగుడ్డలో చుట్టి తేవాలి, తల్లో తండ్రో వెంట వచ్చి సంతకం పెట్టాలి. ఆ అమ్మాయి శనివారం వస్తుంది. రాలేకపోతే మెట్లమీద మాట్లాడిన ఆయన స్కూటర్ మీద తీసుకెళ్ళి ఇచ్చి రావాలి, సీసా నిలువుగా పట్టుకుని. రేకు మీది తీగ ఎవరూ పీకొద్దు, పైకి పాకడానికి ఒక తాడు కట్టండి. గింజలు గుమ్మం పక్కన డబ్బాలో పెట్టాను, పిల్లకొకటి. కంగారులో గింజ సీసాలో వేసి, పన్ను రేకు మీదికి విసిరేరు. చూసుకోండి.