పది నిమిషాల పెద్దకూర

ఆ రోజుల్లో మా ఇళ్ళలో వంటకు గడియారం చూసేవాళ్ళు ఎవరూ లేరు. చూద్దామన్నా గడియారం లేదు, అది వేరే సంగతి. పొయ్యి కింద కంప ఉన్నంతసేపూ కూర ఉడికేది, కూర ఉడికేదాకా మనుషులు ఆగేవాళ్ళు. మొన్న మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి, "అవ్వా, ఇది చూడు, గొడ్డు మాంసం, కూరగాయలు కలిపి పది నిమిషాల్లో వేపుడంట" అని చూపించేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పది నిమిషాలా? ఏ ఎద్దును? ఏ ఊరి ఎద్దును? అది బతికినన్నాళ్ళూ ఏం పని చేసింది? ఇవేమీ చెప్పకుండా పది నిమిషాలని చెప్పేవాళ్ళను ఏం చేసినా పాపం లేదు. (మనవరాలికి నా కోపం అర్థం కాలేదు. "నిన్ను చేయమన్లేదులే అవ్వా" అని ఫోను తీసుకుని పోయింది.) ఆ పిల్లకేం తెలుసు, ఆ పది నిమిషాలను నమ్మి నేను ఒకనాడు మా నాయన పరువును పొయ్యి మీద పెట్టానని.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అనంతపురంలో మిషన్ హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదివి, మా బత్తలపల్లెలోనే ఆడపిల్లల బడిలో లెక్కల పంతులమ్మగా చేరాను. నాయన రోడ్డు పనిలో కంకర కొట్టేవాడు. మా పేటలో నెలజీతం తీసుకునే మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, నడిచేటప్పుడు నా గొడుగు కొంచెం అవసరానికి మించి పైకి ఉండేదని అమ్మ అనేది. మా బడిలోనే కుట్టు పాఠాలు చెప్పే ఒకావిడ ఉండేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే వాళ్ళ అమ్మాయి, రోజూ బస్సులో వచ్చిపోయేది. అందుకని పిల్లలు ఆమెను పట్టు టీచరమ్మ అనేవారు. పేరుకే పట్టు. నోరు మాత్రం గోనెపట్టా. మనసులో ఏది ఉంటే అది మొహం మీద చెప్పేసేది, చెప్పాక ఎవరు నొచ్చుకున్నారో వెనక్కి తిరిగి చూసే అలవాటు ఆమెకు లేదు.

ఒకసారి మా హెడ్ మిస్ట్రెస్ గారింట్లో మనవడి పేరు పెట్టే పండుగ జరిగింది. టీచర్లందరికీ వసారాలో ఆకులు వేశారు. నాకు మాత్రం ఎద్దుల కొట్టం పక్కన, గాలి బాగా తగులుతుందని చెప్పి, విడిగా వేశారు. (గాలి తగిలిన మాట నిజమే. ఏ గాలి అన్నది వేరే.) నేను తల వంచుకుని తిని వచ్చాను. దారిలో పట్టు టీచరమ్మ నాకంటే ఎక్కువ మండిపోయింది. "ఏమ్మే, ఇద్దరం ఒకే బల్ల మీద కూచుంటాండాం, ఒకే జీతం తీసుకుంటాండాం. నీకు కొట్టంకాడ ఆకేసేదేమి? శనివారం ఒంటిపూట బడే కదా, నేను మీ ఇంట్లో తింటా" అంది. "మేం తినేదేమో నీకు తెలుసు కదా" అన్నాను. "తెలుసు. పప్పు చేసి పెట్టి పంపిస్తే ఊరుకోను. మీరేం తింటే అదే పెట్టు" అంది.

నేను ఎగిరి గంతేసి ఇంటికొచ్చి చెప్తే, నాయన మొహం మాడిపోయింది. "వద్దు పాపా" అన్నాడు. "ఆ యమ్మి మంచిదే గావచ్చు. తీరా ఆకు ముందర కూచున్నాక ముద్ద దిగకపోతే? అది ఆ యమ్మి తప్పు కాదు. నేను మాత్రం చూల్లేను." ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. అంతకు రెండేళ్ళ ముందు ఈస్టరుకు తన పనిమీది మేస్త్రిని నాయన పాయసానికి పిలిచాడు. మేస్త్రి గిన్నె అందుకుని, "ఇంటికి తీసకపోయి నెమ్మదిగా తాగుతా అన్నా" అని నవ్వుతూ పోయాడు. మర్నాడు మా కంచె అవతల కుక్క ఆ పాయసం నాకుతుంటే నాయనే చూశాడు. గిన్నె తెచ్చి తోమి పెట్టాడు. ఆ తర్వాత పై వీధి మనుషుల్ని ఎవర్నీ ఇంటికి పిలవలేదు. నేను మొండికేశాను. చివరికి, "సరే, రానీ. కానీ కూర బాగుండల్ల. కూర బాగలేక తినలేదో, మన కూరని తినలేదో తెలీకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

కూర బాగుండాలంటే అమ్మ ఉండాలి. అమ్మేమో శింగనమలలో మా పిన్నికి కాన్పు చేయడానికి పోయింది. అమ్మ ఉంటే కోడి కూసేటప్పుడే కుండ పొయ్యి మీదికెక్కేది. మాంసంలో అనపగింజలు వేసి పొద్దు నెత్తికొచ్చేదాకా మగ్గనిచ్చేది. నాకు ఆ వీలు లేదు. మధ్యాహ్నం దాకా బడి, మూడింటికల్లా ఆమె ధర్మవరం బస్సు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, హాస్టల్లో దొరసానమ్మ చేసే వేపుడు. ఒక క్రిస్మసుకి మాకు చేసి చూపించింది. మాంసాన్ని తమలపాకంత పల్చగా తరగాలంట, క్యారెట్టు, బీన్సు, క్యాబేజి సన్నగా కోయాలంట, పెద్ద మంట మీద బాణలి పెట్టి కలుపుతూనే ఉంటే పది నిమిషాల్లో అయిపోతుందంట. కూరగాయలు పంటికింద కరకరమనాలంట. ఆ రోజు ఆ మాంసం నోట్లో వెన్నలా కరిగింది. ఆ వెన్న బెంగుళూరు నుంచి మంచుపెట్టెలో వచ్చిందని, అది పుట్టి ఏడాది కూడా కాని లేగదని ఆ తల్లి మాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె సొమ్మేం పోయేది?

మాది కరువు సీమ. ఆ ఏడు వాన మొహం చూపించలేదు, గడ్డి లేక రైతులు ఎద్దుల్ని అడిగినవాళ్ళకు ఇచ్చేస్తున్నారు. మా పేటవాళ్ళు నలుగురూ కలిసి ఒక ఎద్దును కొని, కోసి, పోగులు వేసుకున్నారు. నాయన తెల్లవారకముందే పోయి అన్నిట్లోకీ ఎర్రగా ఉన్న పోగు ఏరి తెచ్చాడు. ఆ ఎద్దు చరిత్ర నాకు తర్వాత తెలిసింది. అది కపిల ఎద్దు. బావి దగ్గర తోలుబొక్కెన లాగుతూ పల్లానికి దిగడం, వెనక్కి ఎక్కడం, మళ్ళీ దిగడం, అదే దాని జన్మంతా. ఆ ఎద్దు ఒంట్లో మెత్తనిది ఏదైనా ఉంటే అది దాని స్వభావమొక్కటే.

మధ్యాహ్నం బడి నుంచి పరిగెత్తుకొచ్చి, పట్టు టీచరమ్మను నులక మంచం మీద కూచోబెట్టి, నేను పనిలో దిగాను. అనంతపురం నుంచి బస్సు కండక్టరు చేత తెప్పించిన ఇంగ్లీషు కూరగాయలు కోశాను. మాంసం పల్చగా తరిగాను. (తమలపాకంత అనలేను, అరటాకు అనుకోండి.) పొయ్యిలో వేరుశనగ పొట్టు పోస్తే మంట భగ్గుమని లేచింది. అంతవరకూ దొరసానమ్మ చెప్పినట్టే ఉంది. మాంసం బాణలిలో పడగానే నీళ్ళు వదిలి, రంగు మారి, ముడుచుకుని, నావంక కోపంగా చూసింది. నేను కలుపుతూనే ఉన్నాను. నాయన తొంగిచూసి, "పాపా, దించేస్తాండావా అప్పుడే? ఇంగ రోంత సేపు ఉడకనీ" అన్నాడు. "ఇది అట్లా ఉడికించే కూర కాదు నాయనా, నీకు తెలీదు" అన్నాను. ట్రైనింగు అయిన పంతులమ్మను కదా.

సంగటి ముద్దలు పెట్టి, కూర వడ్డించాను. నాయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మామూలుగా మా నాయన ప్రార్థన ఒక గుక్కలో అయిపోయేది. ఆ రోజు భయంతో దేవుడికి మా పేటంతా ఒప్పజెప్పాడు, వాన అడిగాడు, పిన్ని కాన్పు గురించి చెప్పాడు, ప్రభుత్వాన్ని కూడా దీవించాడు. ఆయన ఆమెన్ అనేలోగా, ఉన్న ఆ కాస్త వేడి కూడా పోయి కూర ఇంకా బిర్రబిగుసుకుంది. పట్టు టీచరమ్మ సంగటి తుంచి, పెద్ద ముక్కనే తీసుకుని నోట్లో పెట్టుకుంది.

నమిలింది. ఇంకా నమిలింది. నాయన చెయ్యి ముద్ద మీద ఆగిపోయింది, చూపు ఆమె దవడ మీదే ఉంది. చివరికి నేనూ నాయనా చెరో ముక్క నోట్లో వేసుకున్నాం. నా పళ్ళు ఎద్దును తిట్టాయి, ఎద్దు నా పళ్ళను తిట్టింది. గదిలో ముగ్గురం నములుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, మధ్యలో బీన్సు మాత్రం చెప్పినట్టే కరకరమంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ నరాలు లేచాయి, చెంబెత్తి నీళ్ళు తాగి, గుటుక్కున మింగింది. మళ్ళీ ఇంకో ముక్క తీసుకుంది. ఆకులో ఉన్నదంతా తిని, చెయ్యి కడుక్కుని, "పోయొస్తా పెదనాయనా" అని లేచింది. ఆ పెదనాయనా అన్న మాటకు నాయన తల మాత్రం ఊపాడు, నోట్లో ముక్క ఇంకా ఉంది.

ఆమె అటు పోగానే నాయన బీడీ నెపం పెట్టుకుని వెనకే పోయాడు, మూల తిరిగాక ఎక్కడైనా ఉమ్మేస్తుందేమోనని. ఆమె పోయి బస్సు కోసం చింతచెట్టు కింద నిలబడింది, అంతే. ఆ బస్సు పొద్దు గూకేదాకా రాలేదు. (అది వచ్చేలోగా అమ్మ అయితే ఆ ఎద్దునే కాదు, దాని జోడెద్దును కూడా ఉడికించి ఉండేది. ఆ బస్సు మీద కూడా నాకు ఈనాటికీ కోపమే.) నాయన ఇంటికొచ్చి, "తినింది. ఎట్ల తినిందో ఏమో. మన మొహం చూసి మింగింటాది పాపా" అని గోడకానుకుని కూచున్నాడు. ఆదివారమంతా అదే దిగులు.

సోమవారం బడిలో హెడ్ మిస్ట్రెస్, టీచర్లందరూ వింటుండగా, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, "ఏమమ్మా, శనివారం యాడికో భోజనానికి పోయినావంట. ఏం తిన్యావేమి?" అని దీర్ఘం తీసింది. గది గదంతా చెవులు రిక్కించింది. పట్టు టీచరమ్మ కుట్టు మిషను ఆపకుండానే, "పెద్దకూర తిన్యా మేడమ్. రోంత కూడా ఉడకలేదు. మోకు నమిలినట్టుండాది, నా దవడలు ఇంగా లాగుతాండాయి. ఈ యమ్మికి లెక్కలు తప్ప వంట రాదు" అంది.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మా ఉప్పు తిని, మా ఇంటి మంచం మీద కూచుని, అందరి ముందూ నా వంటను ఏకిపారేస్తుందా? ఆ రోజు పిల్లలకు ఎన్ని భాగహారాలు ఇచ్చానో నాకే తెలీదు. సాయంత్రం గొడుగు కూడా విప్పకుండా ఇంటికొచ్చి, నాయన ముందు నిలబడి చెప్పాను. "చూసినావా నాయనా, ఉడకలేదంట! మోకంట! అందరి ముందరా!"

నాయన సుత్తి పక్కన పెట్టాడు. "ఉడకలేదనెనా?"

"అవును!"

"ఇంగేమీ అనలేదా?"

"ఇంగేమనల్ల?"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, కంకర దుమ్ము పట్టిన మొహం మీద కళ్ళనీళ్ళు చారలు కట్టాయి. "పిచ్చిదానా, వాళ్ళడిగింది ఏం తిన్యావని. ఆ యమ్మి చెప్పింది ఎట్లుండాదని. మన కూరకు వంక పెట్టల్లంటే ముందు నోట్లో పెట్టుకోవల్ల కదా పాపా. ఇన్నాళ్ళకు ఒకరు పెట్టుకున్యారు." నాకది ఎక్కలేదు. ఈయనకు కూతురి పరువు పట్టదా అని ఇంకా మండింది.

అమ్మ తిరిగొచ్చాక పట్టు టీచరమ్మను నాయనే స్వయంగా పిలిచాడు. అమ్మ కోడికూతకే కుండ ఎక్కించింది, అనపగింజలు వేసింది. ఆమె వచ్చి, రెండుసార్లు వడ్డించుకుని, వేళ్ళు నాకి, "మెత్తగుండాది పెద్దమ్మా, ఉప్పే రోంత ఎక్కువ" అంది. అమ్మ గరిటె అట్లాగే గాలిలో ఆగిపోయింది. నాయన మాత్రం ముద్ద వదిలేసి, ఎంగిలి చేత్తోనే వీధిలోకి పోయి, అరుగుల మీద కూచున్నవాళ్ళతో, నాకు ఉద్యోగం వచ్చిన రోజు చెప్పినట్టే చెప్పాడు: "ఏమప్పా, ఇన్యారా? మా ఇంటి కూరలో ఉప్పు ఎక్కువంట!"

లోపల అమ్మా నేనూ పొయ్యి పక్కన కూచుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ముక్కుపుటాలు ఎగరేస్తూ ఉన్నాం. ఆ ఇరవై ఏళ్ళ పంతులమ్మను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. వీధిలో నాయన అంత పెద్ద పండుగ చేసుకుంటుంటే పోయి పక్కన నిలబడాలని దానికి తోచలేదు. నాయన వయసు నాకు వచ్చి, దాటిపోయాక గానీ ఆ పండుగ నాకు అందలేదు. కానీ అమ్మ కూరలో ఉప్పు మాత్రం ఎక్కువ కాలేదు. అది ఎవరొచ్చి అడిగినా చెప్తాను.